డోర్ ఆంటీ

ఆవిడ పోయిందన్న మాట నేను టెక్సస్‌లో, ఇర్వింగ్ ఊళ్ళో ఇండియన్ స్టోర్‌లో, కరివేపాకు కట్టలు ఏరుకుంటూ విన్నాను. పక్కన బెండకాయల చివర్లు విరిచి చూస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

"డోర్ ఆంటీ పోయారంట, తెలుసా? నిన్న పొద్దున."

"అయ్యో! మొన్ననేగా మా వాడి గురించి ఫోన్ చేశాను. శనివారం తీసుకురమ్మన్నారు."

"మరి ఇంకెవర్ని అడుగుతాం?"

చేతిలో కట్ట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. వాళ్ళకి ఆవిడ అసలు పేరు తెలిసినట్టు లేదు. పక్క ఊరు కాపెల్‌లో పదేళ్ళ పాటు గుడి వంటింట్లో ఆవిడ పక్కన కూర్చుని కూరలు తరిగిన నాకు కూడా ఆ పేరుతో ఎప్పుడూ పని పడలేదు. నేను ఆవిడని వదినా అనేదాన్ని, ఆవిడ నన్ను వదినె అనేది. మాది ఒంగోలు వైపు, ఆవిడది వరంగల్ వైపు. పిల్లలందరికీ డోర్ ఆంటీ.

సన్నగా, పొట్టిగా ఉండేది. నేత చీర, దాని కింద తెల్లటి పరుగు బూట్లు, టెక్సస్ ఎండల్లో కూడా మోచేతుల దాకా మడిచిన స్వెట్టర్. ఎవరు ఎదురుపడినా ముందు పళ్ళు చూసేది, ఆ తర్వాతే మొహం. ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్ దగ్గర ఏళ్ళ తరబడి పని చేసి రిటైర్ అయిందట. నాతో మొదటిసారి మాట కలిపినప్పుడు ఊరు అడగలేదు, పిల్లలెంతమంది అని అడగలేదు.

"కుడిదిక్కు నములుతలేవు కద వదినె, ఎన్ని దినాలాయె?" అంది.

రెండు నెలలుగా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేను ఎడమవైపే నములుతున్నాను. ఆ వారమే తనే కారులో ఎక్కించుకుని ఆ పాత క్లినిక్‌కి తీసుకుపోయింది.

శనివారం పొద్దున్న పూట ఆవిడ ఇంటికి పిల్లలు వచ్చేవాళ్ళు. డాక్టరు కావాలనుకునేవాళ్ళు, డెంటిస్ట్ కావాలనుకునేవాళ్ళు, పన్నెండో తరగతిలో ఉండి ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోలేనివాళ్ళు. వాళ్ళ వెనక అమ్మానాన్నలు. ఆవిడ భోజనాల బల్ల మీద కాలేజీల ర్యాంకుల కాగితం ఒక్కటి కూడా ఉండేది కాదు. ఒక గిన్నెలో దానిమ్మకాయలు, ఒక డబ్బాలో పల్లీపట్టీ ఉండేవి. దానిమ్మకాయ పిల్లలకి. గింజలు ఒలుస్తూ మాట్లాడమనేది. "చేతులకు పని ఉంటే నోరు భయపడదు" అనేది. పల్లీపట్టీ పెద్దవాళ్ళకి.

అది దేనికో కళ్ళారా చూశాను. ఒకసారి ఒక తండ్రి కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"మావాడికి చిన్నప్పట్నుంచీ కార్డియాలజీ అంటే పిచ్చి ఆంటీ. వాడి ప్లాన్ ఏంటంటే..."

ఆవిడ ఇంత పెద్ద ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది. "ముందు ఇది నములు బాబూ. గట్టిగ ఉంటది. పన్ను ఊడితే నాది పూచీ." అని పిల్లాడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా."

పిల్లాడు దానిమ్మ గింజల వైపే చూస్తూ, "ఆంటీ, నాకు బ్లడ్ చూస్తే కొంచెం డిజ్జీ అవుతుంది" అన్నాడు.

తండ్రి నోటి నిండా పల్లీపట్టీ. కళ్ళు మాత్రం ఇంతయ్యాయి. ఆవిడ నవ్వలేదు. "ఎన్నిసార్లు అయింది?" అని ఒక నర్సు అడిగినంత మామూలుగా అడిగింది.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను చేసిన పొరపాటు అర్థం కాదు. నాకు అక్షరాలు వచ్చింది ఈ దేశం వచ్చాకే. మనవరాలు నిత్యని ఆదివారం గుడిలో తెలుగు క్లాసుకి దింపడానికి వెళ్ళి, బయట ఎండగా ఉందని లోపల చివరి బల్ల మీద కూర్చున్నాను. ఆరేళ్ళ పిల్లల వెనక కూర్చుని అ ఆ లు దిద్దాను. అప్పటికి నాకు అరవై దాటింది. కాబట్టి కాలేజీలు, సీట్లు అనే మాటలు మా ఇంట్లో నా తల మీదుగా పోయేవి. నన్నెవరూ అడిగేవాళ్ళు కాదు, నేనూ కల్పించుకునేదాన్ని కాదు.

నిత్యకి పన్నెండో తరగతిలో ఒక పెద్ద పేరున్న యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ వచ్చింది. ప్రీ-మెడ్ అన్నారు. మా అమ్మాయి సునీత ఎగిరి గంతేసింది. అల్లుడు ఆ రోజే ఆ యూనివర్సిటీ పేరున్న టీషర్టులు నాలుగు ఆర్డర్ చేశాడు, నాకు కూడా ఒకటి. అవి వేసుకుని కేక్ కోసి ఫొటో గ్రూపుల్లో పెట్టారు. నేను మైసూర్‌పాక్ చేసి గుడికి పట్టుకెళ్ళి, మా మనవరాలికి మెడిసిన్‌లో సీటొచ్చిందని చెప్పి కనబడ్డవాళ్ళందరికీ పంచాను. మా ఊళ్ళో పన్నెండు తర్వాత మెడిసిన్ అంటే సీటే మరి.

వంటింట్లో గుమ్మడికాయ తరుగుతున్న ఆవిడకీ ఒక ముక్క ఇచ్చాను. నోట్లో వేసుకోలేదు, చేతిలోనే పట్టుకుంది.

"ఏ సీటు వదినె?"

"మెడిసిన్ సీటు. ఆ పెద్ద కాలేజీలో."

"ఇక్కడ పన్నెండు అయినంక డాక్టరు సీటు ఉండదు వదినె, ఎక్కడో ఒకటీ అరా తప్ప. ముందుగాల నాలుగేండ్లు ఏదో ఒక డిగ్రీ చదవాలె. దాని తర్వాత మళ్ళ దరఖాస్తు పెట్టాలె, మెడికల్‌కైనా, డెంటల్‌కైనా. ప్రీ-మెడ్ అంటే సీటు కాదు. ఆశ."

నా చేతిలో పళ్ళెం బరువెక్కింది. అప్పటికే నలభై మంది తినేశారు. "ఇప్పుడెట్లా వదినా? పంచినవి వెనక్కి అడగలేను కదా!"

"తిన్నోళ్ళు తిననియ్యి, మైసూర్‌పాక్ మంచిగ కుదిరింది" అని అప్పుడు నోట్లో వేసుకుంది. "పిల్ల ఏమంటున్నది?"

ఆలోచిస్తే, నిత్య ఏమంటోందో మాలో ఎవరమూ అడగలేదు. ఫొటోలో మాత్రం అందరికంటే తక్కువ నవ్వింది.

ఆ శనివారం నిత్యని నేనే తీసుకెళ్ళాను. సగం కాయ ఒలిచాక, "ఆంటీ, నాకు డెంటిస్ట్ అవ్వాలని ఉంది. నాకు చేత్తో చేసే పని ఇష్టం. అమ్మకి చెప్తే, మార్కులు సరిపోవనే అలా అంటున్నా అనుకుంటుంది" అంది. ఇంకో చిన్న కాలేజీలో కూడా అడ్మిషన్ ఉందని, దాని పేరు మా గ్రూపుల్లో ఎవరూ విని ఉండరని అప్పుడే బయటపెట్టింది. నాకు కూడా అదే వినడం.

ఆవిడ ఏ కాలేజీ మంచిదో చెప్పలేదు. ఎవరికీ చెప్పేది కాదు. ఆవిడ పద్ధతి ఒకటే. ఏ కాలేజీలో చేరేముందైనా, డాక్టరు చదువులకి పోయే పిల్లలకి దారి చెప్పే అడ్వైజర్ ఒకరు అక్కడ ఉంటారు, ఆ గది బయట ఒక పూట కూర్చోవాలి. అందరికీ చూపించే టూర్ రోజున కాదు, ఏమీ లేని ఒక మంగళవారం. లోపలికి వెళ్ళేవాళ్ళని చూడాలి, బయటికి వచ్చేవాళ్ళని చూడాలి. ఇలా తలుపుల దగ్గర కూర్చోబెడుతుందనే పిల్లలు డోర్ ఆంటీ అన్నారు. ఆ అడ్వైజర్ దొరికితే ఒక ప్రశ్న అడగాలి.

"మొదటి ఏడు డాక్టరు కావాలని ఎంతమంది వచ్చిండ్రు? ఆఖరికి ఎంతమంది మిగిలిండ్రు?"

అదెందుకో నాకు విడమరిచి చెప్పింది. కొన్ని కాలేజీల్లో ప్రొఫెసర్ల కమిటీ ఒకటి ఉంటుందట. పిల్లల తరఫున మెడికల్ స్కూళ్ళకి ఉత్తరం రాసేది ఆ కమిటీ. కొన్ని చోట్ల గట్టిగా సీటొచ్చే పిల్లలకే ఉత్తరం ఇచ్చి, మిగతావాళ్ళని మూడో ఏడాదే ఆపేస్తారట. తర్వాత మా దగ్గర దరఖాస్తు పెట్టినవాళ్ళలో దాదాపు అందరికీ సీట్లొచ్చాయని చెప్పుకుంటారట. అది నాకు వెంటనే ఎక్కింది. పిండి జల్లించి, పొట్టు పెరట్లో పారబోసి, మా పిండిలో పొట్టే ఉండదని చెప్పుకోవడమే కదా. ఆ మాట అంటే ఆవిడ నా వీపు మీద ఒక్క చరుపు చరిచింది. "ఇంత మంచిగ నేను ఏ తల్లిదండ్రులకు చెప్పలేకపోయిన వదినె" అంది.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం ఆవిడ కారులోనే ముగ్గురం బయల్దేరాం. కాలేజీ చూసి వస్తామని సునీతకి చెప్పాం, ఏ గది బయట కూర్చుంటామో చెప్పలేదు. హైవే మీద ఆవిడ కుడి లేన్ వదిలేది కాదు. వెనక నుంచి ట్రక్కు హారన్ కొడితే, "పో బిడ్డా, నీకు తొందరున్నది, నాకు లేదు" అని అద్దంలో చూసి చెప్పేది.

ఆ పెద్ద యూనివర్సిటీ నిజంగానే పెద్దది. మామూలు రోజుల్లో కూడా ఉండే చిన్న టూర్ అట, ఒక అమ్మాయి వెనక్కి నడుస్తూ కొంతమందికి భవనాలన్నీ చూపిస్తోంది. నిత్యని ఆ గుంపుతో పంపి మేమిద్దరం అడ్వైజర్ గది వెతుక్కుంటూ మూడో అంతస్తుకి వెళ్ళాం. మూసి ఉన్న తలుపు, బయట రెండు కుర్చీలు. బల్ల దగ్గర పిల్ల కంప్యూటర్ చూసి అపాయింట్‌మెంట్ మూడు వారాల తర్వాతే ఉందని చెప్పింది. "పరవాలేదు, ఊరికే కూర్చుంటాం" అని ఆవిడ ఇంగ్లీషులో చెప్పి, కూర్చుని, పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుంది.

గంట గడిచాక లోపల్నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఏ దేశం వాళ్ళ పిల్లాడో తెలియదు. చేతిలో ఫైలు. గోడకున్న మంచినీళ్ళ కుళాయి దగ్గర వంగి బటన్ నొక్కాడు. నీళ్ళు పోతూనే ఉన్నాయి. తాగడం లేదు.

ఆవిడ లేచి వెళ్ళి పక్కన నిలబడింది. డబ్బా మూత తీసి చెంచాతో సహా ముందుకు పట్టింది. వాడు ఆవిడ మొహం చూసి, డబ్బా చూసి, రెండు చెంచాలు తిన్నాడు. తర్వాత ఏదో గబగబా చెప్పాడు. ఆవిడ ఒక్క ముక్క జవాబు చెప్పింది. వాడు తలూపి మెట్లు దిగిపోయాడు.

"ఏమన్నాడు వదినా?"

"కమిటీ వాళ్ళు ఉత్తరం ఇయ్యం అన్నరట. ఇంట్ల ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు అన్నడు."

"నువ్వేమన్నావు?"

"ఇయ్యాల్నే చెప్పు అన్న."

ఇంటికి వచ్చేదాకా ఆవిడ ట్రక్కులకి కూడా జవాబు చెప్పలేదు.

ఆ తర్వాతి మంగళవారం చిన్న కాలేజీకి వెళ్ళాం. అక్కడ తలుపు మూసుకోకుండా కింద ఒక లావుపాటి కెమిస్ట్రీ పుస్తకం అడ్డం పెట్టి ఉంది. లోపల ఒక పెద్దావిడ ఆపిల్ తింటోంది. మేం కుర్చీల కోసం చూస్తుంటే తనే లోపలికి రమ్మని పిలిచింది. డోర్ ఆంటీ తన ప్రశ్న అడిగింది. ఆ అడ్వైజర్ వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది, కానీ అంకెలు చెప్పలేదు, పేర్లు చెప్పింది. ఒకబ్బాయి నర్సింగ్‌కి మారాడట. ఒకమ్మాయి మానేసి బేకరీ పెట్టిందట, రొట్టెలు బాగుంటాయట. ఉత్తరం అడిగిన ప్రతివాళ్ళకీ రాస్తామని, రాసేముందు ఉన్నది ఉన్నట్టు మొహం మీదే చెప్తామని అంది. ఇదంతా నిత్య నా చెవిలో తెలుగులో చెప్తూ వచ్చింది. చెప్తూ చెప్తూ ఆపేసి, తనే అడిగింది.

"నాకు ఒక క్లాసులో బాగా తక్కువ వస్తే?"

"మొదటి పరీక్షకే నాకు తెలిసిపోతుంది. నువ్వు రాకపోతే నేనే పిలుస్తాను" అందట అడ్వైజర్.

డోర్ ఆంటీ డబ్బా సంచిలో పెట్టుకుని లేచింది. నేనూ లేచాను. నిత్య మాత్రం కూర్చునే ఉంది, ఇంకో అరగంట.

ఆ వారం చివర నిత్య ఇంట్లో చెప్పేసింది. చిన్న కాలేజీ, డెంటల్. ఆదివారం ఆవిడ నా చీర ఫాల్ కుట్టి తీసుకొచ్చింది. సంగతి తెలియక గుమ్మంలోకి నవ్వుతూ వచ్చింది. సునీత కూర్చోమని కూడా అనలేదు.

"ఆంటీ, మేం అందరికీ చెప్పేశాం. అంత మంచి అడ్మిషన్ ఎవరైనా వదులుకుంటారా? పిల్లకి లేనిపోని భయాలు పెట్టారు."

"నేను పెట్టలేదు బిడ్డా, అది ముందే..."

"మీ అబ్బాయి డాక్టర్ కాలేదని మా పిల్ల కూడా కాకూడదా?"

"సునీతా!" అన్నాడు అల్లుడు. నేను తల దించుకున్నాను. మా అమ్మాయి నోటి నుంచి అంత మాట వస్తుందనుకోలేదు. అన్న తర్వాత తనూ అనుకోలేదని మొహం చూస్తే తెలిసింది.

ఆవిడ ఫాల్ కుట్టిన చీరని సోఫా చేతి మీద పెట్టి, తనే కూర్చుంది.

"నిజమే బిడ్డా. నా కొడుకు డాక్టరు కాలేదు. పెద్ద కాలేజీలనే చదివిండు. దాని ర్యాంకు ఎంత అంటే నిద్రల లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ అడ్వైజర్ గది ఎన్నో అంతస్తుల ఉన్నదో మాత్రం తెల్వదు. మూడో ఏడు వాళ్ళు ఉత్తరం ఇయ్యం అన్నరు. వాడు నాకు చెప్పలేదు. ఏడాది పొడుగునా అప్లికేషన్లు పంపిన అమ్మా, ఇంటర్వ్యూ కోసం చూస్తున్న అమ్మా అని ఫోన్ల చెప్పుకుంట వచ్చిండు. నేను వాడు చెప్పినదల్లా అందరికీ చెప్పుకుంట తిరిగిన."

సోఫా చేతి మీద చీర మడత సర్ది, మళ్ళీ అందుకుంది.

"ఇప్పుడు హైస్కూల్ల సైన్స్ చెప్తడు. పెండ్లాం పిల్లలతోని మంచిగున్నడు. పండుగకు వస్తడు, నవ్వుతడు. ఆ ఏడాది ఒక్కడే ఎట్ల ఉన్నడో, ఏం తిన్నడో, ఎవలతోని మాట్లాడిండో మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. నేను అడగలేదు. నాకు చెప్పరాదని అనుకున్నడు కద, ఇంక ఏ మొఖం పెట్టుకొని అడుగుత?"

లేచి, సునీత దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఆ పెద్ద కాలేజీ మంచిది కాదని నేను అనను. అండ్ల చదివి డాక్టర్లయినోళ్ళు మస్తుమంది ఉన్నరు. నీ పిల్ల ఏడనన్న చదవని. కిందపడ్డ దినం ఫోన్ ఎవలకు చేస్తదో, అది చూసుకో. గంతే."

టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

సునీత చాలాసేపు ఆ చీర వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మేడ మీద నిత్య గదిలోకి వెళ్ళింది. తల్లీకూతుళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. అడగలేదు. కిందికి వచ్చేసరికి ఇద్దరి ముక్కులూ ఎర్రగా ఉన్నాయి. నిత్య ల్యాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టి, చేరతానని చిన్న కాలేజీకి జవాబు పంపించేసింది. అల్లుడు అటూ ఇటూ నడిచి, "టీషర్టులు రిటర్న్ తీసుకోరు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఇప్పటికీ అది వేసుకునే గడ్డి కోస్తాడు.

గుడిలో నలభై మందికీ నేనే చెప్పాల్సి వచ్చింది, మెడిసిన్ కాదు, పళ్ళ డాక్టరని, అదీ ఇంకా చాలా దూరమని. "మరి స్వీట్లెందుకు పంచారు పిన్నిగారూ?" అని ఒకావిడ అడిగింది. "తినాలనిపించి" అన్నాను.

నిత్యకి డెంటల్ స్కూల్లో సీటు వస్తుందో రాదో ఈ రోజు వరకూ మాకు తెలియదు. దరఖాస్తు పెట్టడానికి ఇంకా ఏడాది ఉంది. డోర్ ఆంటీ ఆ సంగతి తెలియకుండానే పోయింది. కానీ ఒక సంగతి తెలుసుకుని పోయింది. స్టోర్‌లో కరివేపాకు పట్టుకుని నిలబడ్డప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

నిత్య కాలేజీలో చేరిన మొదటి చలికాలం. సునీత ఇంట్లోనే మేడ కింద గదిలో ఆఫీసు మీటింగ్‌లో ఉంది. నేను పప్పు తిరగమోత పెడుతున్నాను. తన ఫోన్ మోగింది. మామూలుగా మీటింగ్‌లో ఉంటే ఎత్తదు. ఆ రోజు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, "చెప్పు నాన్నా" అంది. అవతల నిత్య ఏడుస్తున్న చప్పుడు నాకు పొయ్యి దగ్గరికి వినిపిస్తోంది. సునీత మధ్యలో ఒక్కసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. చివరికి "భోంచేశావా?" అని అడిగింది. "తిని వెళ్ళు. మీ అడ్వైజర్‌తో మాట్లాడాక మళ్ళీ ఫోన్ చెయ్యి" అంది.

ఫోన్ పెట్టేసి మీటింగ్‌కి వెళ్ళలేదు. అక్కడే కూర్చుని ఇంకో నంబర్ నొక్కింది, స్పీకర్ పెట్టింది.

"ఆంటీ, నేను సునీతని. నిత్యకి కెమిస్ట్రీలో సి గ్రేడ్ వచ్చింది."

"అయ్యో బిడ్డా. అడ్వైజర్ దగ్గరికి పోయిందా?"

"రెండింటికి రమ్మందట. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పింది."



"అంటే, ఆమెతోని మాట్లాడకముందే నీకు చేసిందా?"

"అవునాంటీ. మార్కులు చూసిన వెంటనే నాకే చేసింది."

లైన్ పోయిందనుకుంది సునీత. "హలో, ఆంటీ? ఉన్నారా?"

"ఉన్న బిడ్డా" అంది ఆవిడ. "మళ్ళొక్కసారి చెప్పు."